రేటింగు పక్కన రెండో అంకె ఏదీ?

అమెరికా విశ్వవిద్యాలయాల్లో స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ చదువుతూ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు రేటింగులు కడుతున్న తెలుగు విద్యార్థులకు,

నమస్కారం.

ఏప్రిల్ వచ్చిందంటే మీ జాబితాలు వరస కడతాయి. ఛాంపియన్‌షిప్ ముగుస్తుంది, సెమిస్టరు ప్రాజెక్టుల గడువు ముంచుకొస్తుంది, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్లు కుప్పలుగా బయటికొస్తాయి. ఈ మూడూ ఒకే నెలలో పడడంతో మీలో చాలామంది ఒకే పని చేస్తున్నారు. గణాంకాలు దించుకుంటారు, ఒక నమూనా (మోడల్) కడతారు, ఆటగాళ్లను ఒకటి నుంచి వంద దాకా పేర్చి పెడతారు. మీ పనిని నేను ఇష్టంగానే చదువుతాను. నేను ఉండేది ఉత్తర కరోలినాలోని క్యారీలో. మందుల ప్రయోగాల గణాంకాలు చూడడం నా ఉద్యోగం, కాలేజీ బాస్కెట్‌బాల్ చూడడం నా వ్యసనం. డ్యూక్, నార్త్ కరోలినా, ఎన్‌సీ స్టేట్ మూడూ కూతవేటు దూరంలో ఉన్నచోట ఈ వ్యసనం అంటకుండా బతకడం కష్టం.

మీ జాబితాల్లో నాకు నచ్చనిది ఒక్కటే. ఒక కుర్రాడి పేరు, పక్కన 7.3. మరో కుర్రాడి పేరు, పక్కన 6.8. మొదటివాడిది 14వ ర్యాంకు, రెండోవాడిది 19వ ర్యాంకు. అంతటితో సరి. ఆ 7.3 ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే రెండో అంకె ఎక్కడా కనబడదు. మందుల ప్రయోగంలో ఇలాంటి ఫలితం తీసుకెళ్లి అధికారుల ముందు పెడితే రెండో నిమిషంలో బయటికి పంపిస్తారు. మీరు మాత్రం పెడుతున్నారు, జనం నమ్ముతున్నారు. అందుకే ఈ ఉత్తరం.

అంకెలు అనవసరం, కంటితో చూస్తే చాలు అనే పక్షం కాదు నాది. ఆ పక్షంవాళ్లు ఆటకు ఇన్ని పాయింట్లు అనే సగటును పట్టుకుని దశాబ్దాల పాటు ఎందరినో తప్పుగా తూచారు. 1989–90లో లయోలా మేరీమౌంట్ జట్టు ఆటకు సగటున 122.4 పాయింట్లు చేసింది. ఆ జట్టు ఆటగాడు బో కింబుల్ 35.3 సగటుతో ఆ ఏడాది దేశంలో మొదటివాడు. అంతకు ముందు ఏడాది అదే జట్టులోని హ్యాంక్ గ్యాదర్స్ పాయింట్లలోనూ రీబౌండ్లలోనూ (గురి తప్పిన బంతిని పట్టుకోవడం) మొదటివాడు. ఇద్దరూ గొప్ప ఆటగాళ్లే, సందేహం లేదు. కానీ కోచ్ పాల్ వెస్ట్‌హెడ్ ఆడించిన ఆ పరుగులాటలో బంతి ఎన్నిసార్లు చేతులు మారేదో చూడకుండా ఆ సగటును ఇంకో జట్టువాడి సగటు పక్కన పెడితే లెక్క తప్పుతుంది. 2019లో ఛాంపియన్ అయిన వర్జీనియా దీనికి సరిగ్గా తిరగబడ్డ ఉదాహరణ. ఆ ఏడాది దేశంలో అందరికంటే నిదానంగా ఆడిన జట్టది, ఆటకు 60 పొజెషన్లకు అటూఇటూ (బంతి ఒక జట్టు చేతికి వచ్చిన ఒక్కో విడత ఒక పొజెషన్). అందులోని డీఆండ్రే హంటర్ సగటు 15.2 పాయింట్లే. అయినా వృత్తి ఆటగాళ్ల లీగైన ఎన్‌బీఏ జట్లు కొత్తవాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్టులో నాలుగో స్థానంలో వెళ్లాడు.

పొజెషన్‌కు ఎన్ని పాయింట్లు అని అడగడం కంప్యూటర్లతో మొదలైన ఆలోచన కాదు. నార్త్ కరోలినా కోచ్ డీన్ స్మిత్ కాగితం, పెన్సిలుతోనే ఆ లెక్క వేయించేవారు. తర్వాత డీన్ ఆలివర్ గెలుపును నాలుగు ముక్కలుగా విడదీశారు: షూటింగ్, టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం), దాడిలో పట్టిన రీబౌండ్లు, ఫ్రీ త్రోలు (ఫౌలుకు బదులుగా అడ్డు లేకుండా వేసే షాట్లు). వాటి బరువులు సుమారుగా 40, 25, 20, 15. వాతావరణ శాఖలో పనిచేసిన కెన్ పామరాయ్ ప్రత్యర్థుల బలాన్ని బట్టి జట్ల అంకెలను సరిదిద్ది అందరి ముందూ పెట్టారు. బార్ట్ టోర్విక్ ఆ పనినే ఉచితంగా అందిస్తూ ఆటగాళ్ల దాకా తెచ్చారు. మీరు నిలబడింది వీళ్ల భుజాల మీదే. పనిలో పనిగా ఒక సణుగుడు: పొజెషన్లు లెక్కించేటప్పుడు ఫ్రీ త్రోల ప్రయత్నాలను 0.44తో గుణించడం ఎన్‌బీఏ అలవాటు. కాలేజీ ఆటకు పామరాయ్ వాడేది 0.475. మీ కోడ్‌లలో సగం చోట్ల 0.44 అలాగే కూర్చుని ఉంటుంది. పురుషుల ఆట కోసం రాసిన కోడ్‌ను మహిళల ఆటకు అలాగే అతికించేవారు ఇంకో తప్పు చేస్తున్నారు. 2015–16 నుంచి మహిళలు నాలుగు పది నిమిషాల క్వార్టర్లు ఆడుతున్నారు. ఫౌళ్ల లెక్క ప్రతి క్వార్టరుకూ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. రెండు ఆటల్లో ఫ్రీ త్రోలు వచ్చే తీరే వేరు.

అసలు చిక్కు జట్టు నుంచి ఆటగాడి దగ్గరికి దిగినప్పుడు మొదలవుతుంది. పది మంది కోర్టు మీద ఉండగా బుట్టలో పడిన బంతికి ఎవరి వాటా ఎంత? చేతి లెక్క ఒకటి వేసి చూద్దాం. ఒక జట్టు సీజన్‌లో 34 ఆటలు ఆడింది, ఆటకు 68 పొజెషన్లు. మొత్తం దాదాపు 2,300. ప్రధాన ఆటగాడు అందులో 80 శాతం సేపు కోర్టు మీదే ఉంటాడు. అంటే అతను లేనప్పుడు జట్టు ఎలా ఆడిందో చెప్పడానికి మిగిలేవి 460 పొజెషన్లు. ఒక పొజెషన్‌లో వచ్చేది సున్నా లేదా రెండు, కొన్నిసార్లు మూడు, అరుదుగా ఒకటి. ఆ పాయింట్ల ప్రామాణిక విచలనం 1.1 దగ్గర తేలుతుంది. 460కి వర్గమూలం 21.4. కాబట్టి అతను బెంచి మీద ఉన్నప్పుడు జట్టు చేసిన సగటులో, వంద పొజెషన్లకు లెక్కగడితే, ప్రామాణిక దోషం (అంచనా ఎంత ఊగవచ్చో చెప్పే కొలత) 5 పాయింట్లకు పైనే. అతను ఆడినప్పటి సగటులో దోషం 2.6. ఈ రెంటినీ కలపండి (వర్గాలు కలిపి వర్గమూలం తీయాలి సుమా), డిఫెన్స్ వైపు కూడా ఇంతే దోషం చేర్చండి. అతను ఉన్నప్పటి ఆటకూ లేనప్పటి ఆటకూ మధ్య జట్టులో వచ్చిన తేడా అని మీరు చూపించే అంకెలో ప్రామాణిక దోషం 8 పాయింట్లు. 95 శాతం నమ్మకం కావాలంటే అటు 16, ఇటు 16.

ఎనిమిది అంటే ఎంతో ఊహించుకోవాలంటే, వంద పొజెషన్లకు ఒక ఆటగాడు సగటువాడి కంటే ఎన్ని పాయింట్లు ఎక్కువ తెచ్చాడో అంచనా వేసే బాక్స్ ప్లస్ మైనస్ కొలమానం చూడండి. డేనియల్ మైయర్స్ రూపొందించిన ఆ కొలతలో 10 దాటిన కాలేజీ ఆటగాడు జాతీయ స్థాయివాడు. ఐదారు ఉంటే మంచి ఆటగాడే. అంటే మంచివాడికీ సగటువాడికీ మధ్య ఉన్న దూరం కంటే మన కొలకర్ర వణుకే పెద్దది. ఇది మీ నైపుణ్యంలో లోపం కాదు. ఉన్న ఆటలే అన్ని. దానికి తోడు ఆ 460 పొజెషన్లు కూడా తిన్నగా వచ్చినవి కావు. జట్టు 25 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నప్పుడో, ఆటగాడికి రెండు ఫౌళ్లు పడి కోచ్ కూర్చోబెట్టినప్పుడో వచ్చినవి. ఎదురుగా ఉన్నవాళ్లు కూడా చాలాసార్లు రెండో వరుస ఆటగాళ్లే.

ఇక్కడ మనవాడొకరి పేరు చెప్పుకోవాలి. తెలుగు ఇంట పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లో, పాతికేళ్లకు అటూఇటూ వయసులో, ఒక వ్యాసం అచ్చువేయించారు. హెరాల్డ్ క్రామర్ విడిగా అదే ఫలితానికి చేరుకోవడంతో ఇద్దరి పేర్లూ కలిపి ఆ పరిమితిని పిలుస్తారు. మీరు దాన్ని పరీక్షలో నిరూపించి మార్కులు తెచ్చుకునే ఉంటారు. చేతిలో ఉన్న సమాచారం ఇంత అయితే, పక్షపాతం లేని (సగటున ఏ ఒక్క వైపుకూ ఒరగని) ఏ అంచనా అయినా ఇంతకంటే కచ్చితంగా ఉండలేదని అది చెబుతుంది. ఎంత తెలివైన సూత్రం రాసినా, ఎంత పెద్ద కంప్యూటర్ మీద నడిపినా సరే. రావు గారు 2023లో, నూటరెండేళ్ల వయసులో పోయారు. ఆ ఏడాదే ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది. అప్పుడు మీరంతా ఆయన ఫొటో పంచుకుని గర్వపడ్డారు, మంచిదే. ఆయన సిద్ధాంతాన్ని తరగతి గదిలో వదిలేసి వచ్చి 34 ఆటల సీజన్‌తో దశాంశం దాకా ర్యాంకులు వేయడం మాత్రం నాకు మింగుడుపడడం లేదు.

రిడ్జ్ రిగ్రెషన్ వాడితే ఆ పరిమితి కంటే కిందికి దిగవచ్చు కదా అని మీలో చురుకైనవారు అంటారు. దిగవచ్చు. కాస్త పక్షపాతాన్ని ఒప్పుకుని దానికి బదులుగా ఊగిసలాటను తగ్గించుకోవడం అది. నేను కూడా అదే చేస్తాను. కానీ ఒప్పుకున్న పక్షపాతం ఎటువైపు లాగుతోందో చెప్పాల్సిన బాధ్యత మీదే. అంచనాలను సున్నా వైపు లాగితే ఒక రకం. ఆటగాడి గత ఏడాది అంకెల వైపు లాగితే ఇంకో రకం. హైస్కూల్లో ఉండగా ఆటను చూసి రేటింగుగా ఇచ్చిన నక్షత్రాల వైపు లాగితే, పదహారేళ్ల వయసులో పెద్ద టోర్నమెంట్లకు వెళ్లే స్తోమత లేక ఎవరి కంటా పడని కుర్రాడు ఇరవై రెండేళ్లకు బాగా ఆడుతున్నా మీ నమూనా అతన్ని కిందికే లాగుతూ ఉంటుంది. ఐదు నక్షత్రాల కుర్రాడు తడబడుతున్నా పైకే లేపుతూ ఉంటుంది. సగటున ఇది అంచనాను మెరుగుపరుస్తుంది, కాదనను. ఆ ఒక్క కుర్రాడి దృష్టిలో చూస్తే, పాత అభిప్రాయాన్నే కొత్త అంకెగా ముద్ర వేసి అతని మెడలో వేశారు. మీ ప్రాజెక్టు నివేదికలో ఈ సంగతి ఒక్క వాక్యంలోనైనా ఉండాలి.

ప్రత్యర్థి బలాన్ని బట్టి సరిదిద్దాం అనే మాట ప్రతి నివేదికలో ఉంటుంది. దేనితో సరిదిద్దారు? మొదటి డివిజన్‌లో 360కి పైగా జట్లున్నాయి. చాలా జట్లు తమ లీగులోనే 18 నుంచి 20 ఆటలు ఆడతాయి. లీగుకూ లీగుకూ పోలిక తెచ్చే ఆటలన్నీ దాదాపుగా నవంబరు, డిసెంబరుల్లోనే జరిగిపోతాయి. అందులోనూ చాలావాటిలో పెద్ద జట్టు చిన్న జట్టుకు డబ్బిచ్చి తన కోర్టుకే పిలిపించుకుంటుంది. ఆ కొద్దిపాటి ఆటలు కట్టిన వంతెన మీదే మార్చి నెల రేటింగులన్నీ నడుస్తున్నాయి. నవంబరులో కొత్త కుర్రాళ్లతో తడబడిన జట్టు ఫిబ్రవరికి వేరే జట్టు అయిపోవచ్చు. వంతెన మాత్రం నవంబరుదే.

స్టీఫెన్ కర్రీ సంగతి తలుచుకుందాం. చిన్న లీగులో ఆడే డేవిడ్‌సన్ 2007–08లో సీజన్ మొదట్లోనే నార్త్ కరోలినా, డ్యూక్, యూసీఎల్ఏలతో తలపడింది, మూడింట్లోనూ ఓడింది. మార్చిలో టోర్నమెంటుకు వచ్చాక కర్రీ గోన్‌జాగా మీద 40, జార్జ్‌టౌన్ మీద 30, విస్కాన్సిన్ మీద 33, కాన్సాస్ మీద 25 పాయింట్లు చేశాడు. కాన్సాస్ చేతిలో డేవిడ్‌సన్ రెండే పాయింట్లతో ఓడింది. ఆ నాలుగు ఆటలూ దేశాన్ని ఒప్పించాయి. అయితే నాలుగు ఆటలు నాలుగు ఆటలే. ఏటా మార్చిలో ఎవరో ఒకరు అలా చెలరేగుతూనే ఉంటారు, వాళ్లలో చాలామంది పేర్లు మనకు గుర్తుండవు. కర్రీ విషయంలో నన్ను ఒప్పించేది మార్చి కాదు. మరుసటి ఏడాది ప్రత్యర్థులంతా అతన్ని ఆపడానికే పథకాలు వేసుకొచ్చినా 28.6 సగటుతో దేశంలో మొదటివాడిగా నిలవడం. రెండో సీజన్ డేటా అంటే అది.

షూటింగ్ శాతాల దగ్గరికి వద్దాం. ఒక సీజన్‌లో 150 త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) ప్రయత్నించి 36 శాతం వేసిన కుర్రాడున్నాడు. ప్రామాణిక దోషం దాదాపు 4 శాతం. అతని అసలు సామర్థ్యం 28 నుంచి 44 మధ్యలో ఎక్కడైనా ఉండవచ్చు. ఒక చివర బెంచి మీద కూర్చునేవాడు, రెండో చివర దేశంలోనే పేరున్న షూటర్. ఈ ఒక్క శాతం మీదే మీ డ్రాఫ్టు నమూనాలు ఎంతో బరువు మోపుతున్నాయి. ఫ్రీ త్రోల శాతం భవిష్యత్తుకు మెరుగైన సూచన అని ఈ రంగంలో చాలాకాలంగా తెలుసు. ఎదురుగా ఎవరూ చేతులెత్తి నిలబడరు, దూరం మారదు, మిగిలేది మణికట్టు మాత్రమే. అంకెలన్నీ ఒక్క రకం కావు. కొన్ని త్వరగా స్థిరపడతాయి, కొన్ని ఏళ్లు పట్టినా స్థిరపడవు. నాకు తెలిసి మీ పట్టికల్లో ఈ తేడా చూపించే వరుసే లేదు.

డిఫెన్స్ సంగతి మరీ ఘోరం. బాక్స్ స్కోరుకు, అంటే ఆటగాళ్ల వారీ అంకెల పట్టికకు, కనబడేవి స్టీళ్లు (బంతి లాక్కోవడం), బ్లాకులు (షాట్‌ను గాల్లోనే అడ్డుకోవడం), రీబౌండ్లు. బంతి కోసం ఎగబడి, దొరకనప్పుడు దారి వదిలేసేవాడికి స్టీళ్లు దండిగా ఉంటాయి. ప్రత్యర్థిని మూలకు నెట్టి కదలనివ్వకుండా నిలబెట్టేవాడికి ఏమీ ఉండవు. అతను కోర్టు మీద ఉన్నప్పుడు ప్రత్యర్థులు ఎన్ని పాయింట్లు చేశారో చూద్దామంటే అందులో త్రీ పాయింటర్ల అదృష్టం కలిసిపోయి ఉంటుంది. ప్రత్యర్థి ఎన్ని త్రీలు ప్రయత్నించాలో డిఫెన్స్ కొంతవరకు శాసించగలదు గానీ అందులో ఎన్ని పడాలో శాసించడం కష్టమని పామరాయ్ ఏనాడో చూపించారు. అయినా ఆ శాతాన్ని డిఫెన్స్ ప్రతిభగా లెక్కగట్టిన ప్రాజెక్టులు ఏటా వస్తూనే ఉన్నాయి.

2012 ఏప్రిల్ 2న కెంటకీకీ కాన్సాస్‌కూ మధ్య ఛాంపియన్‌షిప్ ఆట జరిగింది. వీలైతే మొత్తం చూడండి, అది చూడడానికి ఒక సాయంత్రం ఖర్చు పెట్టినా నష్టం లేదు. ఆంథొనీ డేవిస్ పది షాట్లు వేస్తే పడింది ఒక్కటి. మొత్తం 6 పాయింట్లు. పాయింట్ల పట్టిక మాత్రమే చూసినవాడు ఆ రాత్రి డేవిస్ విఫలమయ్యాడనుకుంటాడు. 16 రీబౌండ్లు, 6 బ్లాకులు, 5 అసిస్టులు, 3 స్టీళ్లు కూడా చూసినవాడికి టోర్నమెంటులో అత్యుత్తమ ఆటగాడి బహుమతి అతనికే ఎందుకిచ్చారో అర్థమవుతుంది. ఆట చూసినవాడికి ఇంకొంచెం తెలుస్తుంది. కాన్సాస్ ఆటగాళ్లు బుట్ట దాకా వచ్చి, అతన్ని చూసి, షాట్ మానేసి బంతి వెనక్కి విసిరిన సందర్భాలు ఏ పట్టికలోనూ లేవు. జరగని షాట్‌కు స్కోరరు ఏం రాస్తాడు? మీరు వాడే నమూనా ఏదైనా, డేవిస్ లాంటివాడి విలువలో ఒక భాగం దానికి బయటే ఉంటుంది. ఎంత భాగమో కొలవలేకపోయినా, ఉందని చెప్పగలరు.

ఇంకో జత ఆటగాళ్ల కథ. 2010–11లో బీవైయూ (బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం), శాన్ డియేగో స్టేట్ ఒకే లీగులో ఉండేవి. బీవైయూలో జిమ్మర్ ఫ్రెడెట్ 28.9 సగటుతో దేశంలో మొదటివాడు, ఆ ఏడాది జాతీయ ఉత్తమ ఆటగాడు. శాన్ డియేగో స్టేట్ 34 ఆటలు గెలిచి మూడే ఓడింది, ఆ మూడింట్లో రెండు బీవైయూ చేతిలోనే. ఒకదాంట్లో ఫ్రెడెట్ 43 పాయింట్లు చేశాడు. ఓడిన జట్టులో ఉన్నవాడు కవాయ్ లెనర్డ్: 15.5 పాయింట్లు, 10.6 రీబౌండ్లు, త్రీ పాయింటర్లలో 29 శాతం. డ్రాఫ్టులో ఫ్రెడెట్ పదోవాడు, లెనర్డ్ పదిహేనోవాడు. తర్వాత ఎన్‌బీఏలో ఫ్రెడెట్ నిలదొక్కుకోలేకపోయాడు. లెనర్డ్ 2014లోనూ 2019లోనూ ఫైనల్స్ ఉత్తమ ఆటగాడయ్యాడు.

దీన్నుంచి చాలామంది తీసే పాఠం నాకు నచ్చదు. "అంకెలు సరిగ్గా చూసి ఉంటే ముందే తెలిసేది" అంటారు. తెలిసేది కాదు. ఆనవాళ్లు లేవని కాదు. లెనర్డ్‌కు అప్పటికి పంతొమ్మిదేళ్లు, ఫ్రెడెట్‌కు ఇరవై రెండు. రీబౌండ్లు పట్టే తీరు అసాధారణం. ఫ్రీ త్రోలు నాలుగింట మూడు పడుతున్నాయి కాబట్టి మణికట్టులో లోపం లేదు. వీటన్నిటినీ కూడితే ఫ్రెడెట్ కంటే లెనర్డ్ మెరుగైన పందెం అని చెప్పడానికి ఆధారం దొరుకుతుంది. అంతవరకే. అతను ఎన్‌బీఏలోనే గొప్ప షూటర్లలో ఒకడవుతాడని ఏ పట్టికా చెప్పలేదు, చెప్పగలిగేదీ కాదు. ఫ్రెడెట్ రేటింగు కూడా అబద్ధం కాదు. ఆ సీజన్‌లో, ఆ స్థాయిలో, అతను నిజంగానే అందరికంటే మెరుగ్గా ఆడాడు. ఈ ఏడాది ఎవరు బాగా ఆడారన్నది ఒక ప్రశ్న, నాలుగేళ్ల తర్వాత ఎవరు బాగా ఆడతారన్నది వేరే ప్రశ్న. మీ ప్రాజెక్టుల్లో మొదటి పేజీ మొదటి ప్రశ్నతో మొదలై, చివరి పేజీ రెండోదానికి జవాబు చెబుతూ ముగుస్తుంది.

రెండో ప్రశ్నకు నమూనా కట్టేవారు ఇంకో గోతిలో పడుతున్నారు. శిక్షణకు వాడే డేటాలో ఎన్‌బీఏ దాకా వెళ్లి, తగినన్ని నిమిషాలు ఆడినవాళ్లే ఉంటారు. డ్రాఫ్టులో ముందు వెళ్లినవాడికి జట్టు ఓపిక పట్టి నిమిషాలిస్తుంది. వెనక వెళ్లినవాడికి రెండు వారాల్లో ఇంటిదారి చూపిస్తుంది. కాబట్టి మీ నమూనా ఆట నేర్చుకోవడంతో పాటు పాత మేనేజర్ల అభిరుచిని కూడా నేర్చుకుంటుంది. పొట్టివాళ్లలో అసాధారణమైనవాళ్లే అక్కడిదాకా వచ్చారు కాబట్టి, ఎత్తు అంత ముఖ్యం కాదన్న వింత ఫలితం కూడా ఒక్కోసారి తేలుతుంది. వడపోత తర్వాత మిగిలినవాళ్లను చూసి వడపోత గురించి మాట్లాడేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో మీ అధ్యాపకులు చెప్పే ఉంటారు.

ఇదంతా ఒకప్పుడైతే అభిమానుల కాలక్షేపం. అప్పుడు నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం వాడుకుని సంపాదించుకునే వీలు వచ్చింది. ఆ ఏడాదే ఒకసారి కాలేజీ మారినా సీజన్ పోగొట్టుకోనక్కర్లేదన్న నిబంధన వచ్చింది, 2024 నాటికి ఎన్నిసార్లు మారినా అడ్డు లేకుండా పోయింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లిస్తున్నాయి. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ అన్ని క్రీడలకూ కలిపి ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తం సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఇక ఏప్రిల్‌లో జరిగేది బేరసారాలు. కోచ్ దగ్గర సమయం లేదు, వందల పేర్లున్నాయి, కొద్ది రోజుల్లో తేల్చాలి. అలాంటప్పుడు ఎదురుగా కనబడిన పట్టికే ప్రమాణం అవుతుంది. 14వ ర్యాంకుకూ 19వ ర్యాంకుకూ మధ్య మీకు 0.5 తేడా. ఇరవై ఏళ్ల కుర్రాడికి అది వాళ్ల అమ్మ ఇంటి అప్పు తీరడమో తీరకపోవడమో కావచ్చు.

ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన మనకు ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. రెండు మార్కుల తేడాకు వందల ర్యాంకులు జారడం, ఆ ర్యాంకును బట్టి కాలేజీ, కాలేజీని బట్టి ఉద్యోగం, ఉద్యోగాన్ని బట్టి ఇంట్లో మర్యాద. పరీక్ష నాడు జ్వరం వచ్చినవాడి గురించి ర్యాంకు కార్డు మీద ఏమీ ఉండదు. ఆ పద్ధతి మీద మీలో చాలామందికి కోపం ఉండే ఉంటుంది. అదే పద్ధతిని ఇంకొకరి పిల్లల మీద మీ చేతులతో ఎందుకు రుద్దుతున్నారు?

పందాల సంగతి కూడా కలపాలి. 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో రాష్ట్రాలు క్రీడల పందాలను చట్టబద్ధం చేసుకునే వీలు వచ్చాక ఒక్కో ఆటగాడి పాయింట్ల మీద, రీబౌండ్ల మీద కూడా పందాలు కాస్తున్నారు. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఆటగాళ్లకే తిట్లు పంపుతున్నారు. కాలేజీ ఆటగాళ్ల వ్యక్తిగత అంకెల మీద పందాలు నిషేధించమని కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ అధ్యక్షుడు చార్లీ బేకర్ 2024 మార్చిలో రాష్ట్రాలను కోరారు. రేపటి ఆటలో ఎవరు ఎన్ని పాయింట్లు చేస్తారని రోజువారీ అంచనాలు వేసి పెట్టేవాళ్లు మీలో ఉన్నారు. అవి ఎవరికి పనికొస్తున్నాయో మీకు తెలియనిది కాదు.

మీ నుంచి నేను కోరేది పెద్ద పనేమీ కాదు. ప్రతి రేటింగు పక్కన దాని పరిధిని వేయండి. 7.3 అని రాయకండి, 3 నుంచి 11 దాకా అని రాయండి. పరిధులు ఒకదానిలో ఒకటి కలిసిపోయినవాళ్లకు వేర్వేరు ర్యాంకులు ఇవ్వకండి, ఒకే గుంపుగా చూపండి. జాబితా అందం చెడుతుందంటారా, చెడనివ్వండి. 200 నిమిషాలు ఆడినవాణ్ణి, 1,200 నిమిషాలు ఆడినవాణ్ణి ఒకే పట్టికలో పెట్టేటప్పుడు ఆ నిమిషాలు పేరు పక్కనే కనబడాలి. నమూనా ఎటు లాగుతుందో పైన రాయండి. నక్షత్రాలు వాడితే వాడామని చెప్పండి. డిఫెన్స్ అంకెను విడిగా చూపి, అది దాడి అంకె కంటే బలహీనమైనదని గుర్తు పెట్టండి. ఆటగాడికి డాలర్లలో వెల కట్టే వరుస ఉంటే తీసేయండి. ఇంత వణికే కొలకర్రతో వెల కట్టడం నాకు సబబుగా తోచడం లేదు. ఇంకొకటి, వచ్చే సీజన్‌ను ముందే చెప్పామని అనేవారు పాత సీజన్ల మీద పరీక్షించిన ఫలితం చూపడంతో ఆగకండి. నమూనా చూడని సీజన్ మీద ఎన్ని తప్పాయో, ఎవరి విషయంలో తప్పాయో కూడా పెట్టండి.

ఇలా చేస్తే ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఇష్టపడరేమో, అనుమానాలతో నిండిన నివేదిక చూసి ముఖం తిప్పుకుంటారేమో అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. అలాంటి వాళ్లూ ఉంటారు. కానీ కోచ్‌ల దగ్గర ఏళ్ల తరబడి నిలిచే విశ్లేషకుడు ఎలా ఉంటాడో ఆలోచించండి. ఎప్పుడు అంకెను నమ్మాలో, ఎప్పుడు వీడియో తిరగేయాలో చెప్పగలిగినవాడే నిలుస్తాడు. పరిధి వెడల్పుగా ఉన్న ఆటగాడి పేరు ఎదురైతే అతని మూడు ఆటలు కూర్చుని చూడండని చెప్పడం కూడా గణాంకాలు చేసే సాయమే. ఇరుకుగా ఉన్నవాడి మీద ఆ సమయం ఆదా అవుతుంది.

సీజన్ నవంబరు మొదటి వారంలో మొదలవుతుంది. ఆలోగా గత ఏప్రిల్‌లో మీరు పెట్టిన జాబితాను బయటికి తీసి, అందులో ప్రతి పేరు పక్కన ఒక వరుస చేర్చి పరిధులు నింపండి. కోడ్‌లో నాలుగు పంక్తుల పని, బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటాలోంచే మళ్లీ మళ్లీ తీసి పరిధి కట్టే పద్ధతి) చేతనైనవారికి ఒక మధ్యాహ్నం చాలు. ఆటలను మళ్లీ మళ్లీ తీసి కలిపేటప్పుడు పొజెషన్లను కాకుండా ఆటలను ఒక ముద్దగా తీయండి, లేకపోతే పరిధి ఉన్నదానికంటే ఇరుకుగా వస్తుంది. ఆ పని ఎలా మొదలుపెట్టాలో తెలియనివారు రాస్తే నా కోడ్ పంపిస్తాను.

ఇట్లు,
క్యారీ నుంచి ఒక గణాంక ఉద్యోగి